ఏకాక్షిని పుట్టించిందెవరో తెలుసుకో బిడ్డా

ఆలేరు



నీ ఉత్తరం చేరింది. ఇంటర్‌కు వచ్చినంక ఇంకా ఈ మాంత్రికుల కథలేందని హాస్టల్ పిల్లలు నవ్విన్రని, అప్పటిసంది పుస్తకానికి ఫిజిక్స్ గైడు అట్ట తొడిగి చదువుతున్నవని రాసినవు. ముందు ఆ అట్ట తీసెయ్యి. దాచుకొని చదివితే సగం ధ్యాస దాచుడు మీదనే ఉంటది. నువ్వు గీసిన మ్యాపులు, రాజవంశాల పట్టికలు, పాత్రల మీద రాసుకున్న నోటుబుక్కు కూడ బయటనే ఉంచు. నవ్వేటోళ్లల్ల ఒక్కరైనా రెండు రోజులకు ఆ పుస్తకం అడుగుతరు. అడిగితే ఇయ్యి, పేరు రాసుకొని ఇయ్యి.

నీకు టోల్కీన్ అంటే ప్రాణం కద. ఆయన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం 1954ల అచ్చయింది. అదే ఏడు మద్రాసుల చందమామ పత్రికల 'తోకచుక్క' సీరియల్ వచ్చింది. కుండలినీ ద్వీపం, దాని సేనాని సమరసేనుడు, ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి, వానికి పగవాడు నాలుగు కండ్ల చతుర్నేత్రుడు. అక్కడ ఆక్స్‌ఫర్డ్‌ల పాఠాలు చెప్పే ప్రొఫెసర్, ఇక్కడ నెల తిరిగేసరికి పేజీలు నింపాల్సిన పత్రికాఫీసు ఉద్యోగి. ఒకరి సంగతి ఒకరికి తెల్వకుండనే ఇద్దరూ లేని దేశాలు కట్టుకుంట కూసున్నరు. టోల్కీన్ మీద ఎన్ని పుస్తకాలున్నయో నువ్వే నాకు రాసినవు. మరి ఏకాక్షిని పుట్టించిందెవరు? ఆ పేరు నీకు తెల్వదు. నీ తప్పు కాదు. ఆ సీరియల్ చదివి పెద్దయిన వాళ్లకే చానమందికి తెల్వదు, ఎందుకంటే పత్రికల ఆ కథల మీద ఆయన పేరు వెయ్యలేదు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. యాభై ఏండ్లకు పైగా చందమామల పనిచేసిండు. తోకచుక్క తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఈ పేర్లు ఒక్కసారి పైకి చదివి చూడు, నోట్లె ఎట్ల మోగుతయో! పావు శతాబ్దం పాటు ఇంటింటి పిల్లలు వచ్చే నెల కోసం కాసుకొని కూసున్నరు. ఒక్కొక్క భాగం కొన్ని పేజీలే. ఆ కొన్ని పేజీలల్లనే ఒక అడివి, ఒక అపాయం, దాన్నుంచి తప్పించుకునే ఉపాయం, తప్పించుకున్నమనుకునేసరికి ఇంకో అపాయం. పక్కన 'చిత్ర' అనే ఆయన గీసిన బొమ్మలు. బొమ్మ కింద 'చిత్ర' అని సంతకం ఉంటది, కథకు మాత్రం సంతకం లేదు. ఆయన 2010ల పోయిండు. పాత సంచికలు బైండు చేయించి బీరువాలల్ల దాచుకున్న అభిమానులు పట్టుబట్టి ఆ పేరు బయటికి తెచ్చిన్రు. సీరియళ్లు పుస్తకాలుగ వచ్చినయి. అభిమానం చేసే పనులల్ల అన్నిటికంటె పెద్దది ఇదే అని నేను నమ్ముత. పోస్టర్ అతికించుకో, టీషర్టు తొడుక్కో, నాకు సంతోషమే. కాని నిన్ను రాత్రంత మేలుకోబెట్టిన కథ ఎవరి చెయ్యి రాసిందో, ఆ చేతికి దక్కాల్సింది దక్కిందో లేదో కనుక్కో. అనువాదం చదివితే అనువాదకుల పేరు చూడు, బొమ్మ నచ్చితే బొమ్మ గీసినాయన పేరు చూడు. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 'పరుసవేది' పేరుతోటి తెలుగుల వచ్చింది. దొరికితే తీసుకొని, నీకు కంఠతా వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకొని చదువు. మంత్రాలకు, పిండివంటలకు, గాలిలో ఆడే ఆటకు తెలుగు మాట కోసం అనువాదకురాలు ఎంత తిప్పలపడిందో పేజీ పేజీకి కనవడుతది.

చిన్నపిల్లల కథలని ఎవరన్నా మళ్ల అంటే కొడవటిగంటి కుటుంబరావు గురించి చెప్పు. 1952 నుంచి 1980ల కన్నుమూసేదాక చందమామను నడిపించింది ఆయననే. హేతువాది, మార్క్సిస్టు, 'చదువు' నవల రాసిన మనిషి, 1970ల విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు అందుల ఉన్నడు. దయ్యాలను నమ్మని ఆ మనిషి నెలనెల బేతాళుణ్ణి చెట్టు దింపి విక్రమార్కుని భుజమ్మీద కూసోబెట్టిండు. పాత బేతాళ కథలు ఇరవై అయిదే. అవి అయిపోయినంక కొత్త కథలు అల్లి ఏండ్ల తరబడి నడిపిన్రు. ప్రతి కథ చివర ఒక చిక్కు ప్రశ్న, న్యాయం ఎటు దిక్కుందో తేల్చాల్సిన ప్రశ్న. పదేండ్ల పిల్లను పట్టుకొని న్యాయం సంగతి అడిగే సాహిత్యాన్ని చిన్నచూపు చూసెటోళ్లకు నేను ఏనాడూ తలవంచలేదు. నువ్వూ వంచకు.

ఆ బేతాళ కథల మూలం వెతుక్కుంట పోతే నువ్వు గుణాఢ్యుని దగ్గర తేలుతవు. సోమదేవుడు 11వ శతాబ్దంల కథాసరిత్సాగరంల చెప్పిన వృత్తాంతం ఇది. శాతవాహన రాజు కొలువు విడిచిన గుణాఢ్యుడు ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను పైశాచీ భాషల, సిరా దొరకక తన నెత్తురుతోటి రాస్తడు. రాజు దాన్ని ఛీ కొడుతడు. గుణాఢ్యుడు కొండమీద మంట పెట్టుకొని ఒక్కొక్క పత్రం చదివి నిప్పుల వేస్తుంటె, అడివి జంతువులన్నీ చుట్టూ చేరి మేత మరిచి, కండ్లనీళ్లు పెట్టుకొని వింటయి. మేత లేక చిక్కిపోయిన జంతువుల మాంసం తిని రాజుకు జబ్బు చేస్తది. కారణం వెతుక్కుంట రాజు అక్కడికి వచ్చేసరికి ఆరు లక్షలు కాలిపోయి ఒక లక్ష మిగులుతది. అభిమానుల మీద ఇంతకు మించిన కథ నేను ఏ దేశపు పుస్తకంలనూ చదవలేదు. రాజు కాదన్నదాన్ని జింకలు, పందులు నిలబెట్టినయి. హాస్టల్ల అన్నం గంట కొట్టినా పుస్తకం వదలలేదని మీ అమ్మ నాకు ఫోన్‌ల మొత్తుకుంటుంటే నాకు ఆ జంతువులే యాదికొచ్చినయి. అయినా బిడ్డా, గంటకు పోయి తిను. పుస్తకం ఎక్కడికీ పోదు.

ఇంగ్లీషు ఫాంటసీల్ల ఉన్నట్టు మన దగ్గర 'లోకం కట్టుడు' లేదని రాసినవు. ఆ ఒక్క మాట మీద నీతోటి గట్టిగ కొట్లాడుత. మన ఆలేరు నుంచి చేర్యాల ఎంత దూరం? అక్కడి నకాషీ వాళ్లు ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగ బొమ్మలు గీసిన్రు. ఒక్కొక్క పటం నలభై, యాభై అడుగుల పొడుగు. దాన్ని విప్పుకుంట రాత్రులకు రాత్రులు కథ చెప్పేటోళ్లు వేరే. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఆ కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి. మన పద్మశాలోళ్లకు కూనపులోళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్తరు. దేవతలకు బట్ట నేసేటందుకు పుట్టిన భావనారుషి, తామరతూండ్ల దారం, ఎక్కి తిరిగే పులి, కాలవాసురునితోటి యుద్ధం. గొల్లోళ్లకు మందెచ్చులోళ్లు కాటమరాజు కథ, గౌండ్లోళ్లకు గౌడశెట్టోళ్లు గౌడపురాణం, మాదిగోళ్లకు డక్కలోళ్లు జాంబపురాణం. సృష్టి ఎట్ల మొదలైంది, మగ్గం ఎక్కడిది, తాటిచెట్టు ఎక్కడిది, చెప్పు కుట్టే చెయ్యికి ఎంత గౌరవం ఉండాలె, అన్నిటికీ ఆ పటం మీద జవాబు ఉంటది. ఇది లోకం కట్టుడు కాకపోతే ఇంకేంది? టోల్కీన్ తన ఇంగ్లండుకు పురాణం లేదని దిగులుపడి ఒకటి కట్టబోయిండు. మనకు ఉన్నది. చెప్పేటోళ్లు తగ్గిపోతున్నరు, అదే నా దిగులు.

ఇంకో మాట. నువ్వు రాస్తున్న నవలకు పాడుబడ్డ రాజధాని కావాలన్నవు. ఎక్కడో యూరప్ కోటల ఫోటోలు చూసుకుంట కూసోకు. కొలనుపాక మన ఊరి పక్కనే ఉంది. కళ్యాణి చాళుక్యుల కాలంల కొల్లిపాక అంటే పెద్ద పట్నం. జైన మందిరం అందరూ చూస్తరు, నువ్వు సోమేశ్వరాలయంల కూడ కూసో. లింగంలకెల్లి రేణుకాచార్యుడు పుట్టిండని వీరశైవులు చెప్పుకునే చోటు అది. ఆవరణల పురావస్తు శాఖోళ్లు పెట్టిన విగ్రహాలు, శాసనాలు ఉన్నయి. అరిగిన ముఖాలు ఒక్కొక్కటి చూసి గీసుకో. నువ్వు ఊహించే రాజ్యానికి రాయి ఏ రంగుల ఉండాలె, మెట్టు ఎంత ఎత్తుండాలె అప్పుడు తెలుస్తది.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి పోయినప్పుడు పొద్దుగాలనే పో, తోడు తీసుకొని పో. డిసెంబర్ల బుక్ ఫెయిర్ పెడితే దాసరి పుస్తకాలు అడుగు. ముందు తోకచుక్క తీసుకో, తర్వాత శిథిలాలయం. రోజుకు ఒక్క భాగమే చదువు. ఒక్క రాత్రిల అయిపోగొడితే నెలనెల ఆగి చదివినోళ్ల గుండెదడ నీకు అందదు. కథ గొప్పదా, సినిమా గొప్పదా, మనోళ్లు గొప్పనా, బయటోళ్లు గొప్పనా అని స్నేహితులతోటి మాటలు తెంపుకునేదాక పోకు. ఆ పొద్దంత ఇంకో పుస్తకం చదువొచ్చు.

దసరా సెలవులకు రా. చేర్యాల ఒక రోజు, కొలనుపాక ఒక రోజు. మ్యాపుల నోటుబుక్కు తప్పకుండ తీసుకురా. నువ్వు పోయినసారి ఇచ్చిన ఎర్త్‌సీ మొదటి పుస్తకం అయిపోయింది, అందుల మాంత్రికుడు గెడ్ తనను తరిమిన నీడను పేరు పెట్టి పిలిచిన పేజీ రెండుసార్లు చదివిన. రెండో పుస్తకం నీ దగ్గరుంటే సంచిల పెట్టుకో.

ఇట్లు,
మీ చిన్నమ్మ