తొక్కు డబ్బా నేర్పిన పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్ల నుంచి హాస్టల్‌కు వచ్చిన మా ట్రంకు పెట్టెల్లో పుస్తకాల పక్కనే అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు డబ్బా ఉండేది. పలుచటి పప్పుకైనా, ఉత్త అన్నానికైనా అదే దిక్కు. ఒకసారి అందులో తడి చెంచా పెట్టాం. కొద్దిరోజులకే బూజు పట్టింది. ఏడాదికని పెట్టిన అమ్మ కష్టాన్ని పారబోశాం.

కారణం సైన్సు పాఠంలోనే ఉంది. ఉప్పు ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. ఉప్పు, పులుపు ఎక్కువైన చోట సూక్ష్మజీవులు పెరగలేవు. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. తడి చేరితే ఈ కాపలా సడలుతుంది. అందుకే ఇంట్లో కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టాకే కోస్తారు. ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి, అల్లం ఎల్లిపాయ ముద్ద కలిపి, కాచి చల్లార్చిన నూనెను ముక్కలు మునిగేదాకా పోస్తారు.

ఇక మంట సంగతి. మిరపలోని క్యాప్సైసిన్ నాలుకపై వేడిని గుర్తించే నరాలనే తట్టి లేపుతుంది. ఆ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని మరొకరితో పంచుకున్నారు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. కాబట్టి నోరు మండితే నీళ్లకన్నా పెరుగు మేలు.

తమ్ముళ్లకు మా మాట ఒక్కటే: డబ్బా పదిమందిదైనా చెంచా మాత్రం పొడిగా ఉండాలి.