తెనాలి రామకృష్ణుడి సీరియస్ కథ: నిగమశర్మ, వాళ్ళక్క

తెనాలి రామకృష్ణుడు అనగానే పిల్లి, పాలు, రాజుగారి కోపం గుర్తొస్తాయి. ఇప్పటి భాషలో స్టాండప్ కమెడియన్ అన్నమాట. ఆ కథలన్నీ జనం చెప్పుకున్నవి. ఆయన రాసిన కావ్యాల్లో పెద్ద పేరు వచ్చింది మాత్రం 'పాండురంగ మాహాత్మ్యం' అనే భక్తి కావ్యానికి. 16వ శతాబ్దం నాటిది, పంచకావ్యాల్లో ఒకటి. నవ్వించే మనిషిగా మనం చెప్పుకునే ఆయన సుఖం గురించి, మగతనం గురించి ఏం ఆలోచించాడో అందులో నిగమశర్మ కథలో కనిపిస్తుంది.

నిగమం అంటే వేదం. పేరులోనే వేదం ఉన్నవాడు, పెద్ద ఇంటివాడు, చదువుకున్నవాడు. అయినా వేశ్యల చుట్టూ తిరిగి ఆస్తి తగలేశాడు, అత్తవారిచ్చిన మామిడితోటతో సహా. డబ్బు విసరడం, ఎవరి మాటా వినకపోవడం... వాడి దృష్టిలో మగాడంటే అదే. (మన వీకెండ్ పార్టీ బ్యాచ్‌లో ఇలాంటివాడు ఒక్కడైనా ఉంటాడు కదా?)

అప్పుడు అక్క వస్తుంది. మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని పుట్టింటికొచ్చి, తమ్ముడికి కడుపునిండా భోజనం పెట్టి, పక్కన కూర్చుని మాట్లాడుతుంది. అమ్మానాన్నా ముసలివాళ్ళయ్యారు, నీ పెళ్ళాం వయసులో ఉంది, మన వంశం పేరేం కాను అంటుంది. అంటే ఆవిడ లెక్కలో మగాడు ఇంటి బరువు మోసేవాడు. విచిత్రం ఏంటంటే ఇంత గొప్ప పాత్రకి కవి పేరే పెట్టలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 'నిగమశర్మ అక్క' అనే వ్యాసమే రాశారు.

నిగమశర్మ కొన్నాళ్ళు బుద్ధిగా ఉన్నాడు. అందరూ నమ్మారు. ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని పారిపోయాడు. తెల్లారాక ఇల్లంతా ఏడుపు. అక్క మాత్రం కొత్తగా చేయించుకున్న తన ముక్కర పోయిందని ఏడుస్తుంది! మనకి నవ్వొస్తుంది, వెంటనే గుండె పిండినట్టవుతుంది. కమెడియన్ చెయ్యి అక్కడ తెలుస్తుంది. ఆవిణ్ణి దేవతని చెయ్యలేదు, మన ఇంట్లో అక్కలాగే ఉంచాడు.

తర్వాత వాడు ఇంకా దిగజారి, చివరికి పాండురంగ క్షేత్రంలో నరసింహస్వామి సన్నిధిలో ప్రాణం వదులుతాడు. యమభటులు, విష్ణుదూతలు వాదించుకుంటే విష్ణుదూతలే గెలిచారు. క్షేత్ర మహిమ అది, నేను కాదనను.

కానీ నాకు ఎప్పుడూ ఒక వెలితి. వాడికి మోక్షం దొరికింది గానీ, అక్కకి తమ్ముడు దొరకలేదు. మూలాల్లోకి తిరిగి వెళ్ళడం అంటే మనం సంక్రాంతికి బస్ టికెట్, గుడి ముందు సెల్ఫీ అనుకుంటాం. దేవుడి దగ్గరికి చేరినవాడు కూడా ఇల్లు చేరకుండానే పోవచ్చని ఈ కథ చెప్తోంది.

అదే పండరీపురంలో జనం చెప్పుకునే పుండరీకుడి కథ చూడండి. అమ్మానాన్నల కాళ్ళు పడుతుంటే సాక్షాత్తూ స్వామి గుమ్మంలోకొచ్చాడు. అతను లేవలేదు. నిలబడమన్నట్టు ఒక ఇటుక అటు విసిరాడు. స్వామి దాని మీద నడుముకి చేతులు పెట్టుకుని ఇప్పటికీ నిలబడే ఉన్నాడు.