రంగు ఉండే ఎండ క్రీము – తెల్లబడే క్రీము కాదు

నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

వేసవి సెలవుల్లో మేము తునికాకు కోతకు పోతాం. చీకటితోనే లేచి అడవికి పోయి, ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి కల్లానికి తీసుకుపోతాం. ఆ ఎండలకి మా వదిన బుగ్గల మీద మంగు మచ్చలు ముదిరాయి. ఎవరో చెబితే మందుల షాపులో ఒక ట్యూబు కొని రాసుకుంది. పది రోజులు మొహం తెల్లగా అయింది. అందరూ బాగుంది అన్నారు. దాచడం ఎందుకు, నేను కూడా రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

తర్వాత వదిన మొహం ఎర్రబడింది. సన్నగా నూగు మొలిచింది. ఎండలోకి పోతే మిరపకాయ రాసినట్టు మంట. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదివేది నేనొక్కదాన్నే. ట్యూబు తిప్పి చూస్తే నిలువుగా ఎర్ర గీత, క్లోబెటాసోల్ అనే పేరు ఉన్నాయి. ముందే చదవనందుకు చాలా సిగ్గేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అది స్టెరాయిడ్ మందు అని చెప్పింది. అది చర్మాన్ని పల్చన చేస్తుంది. ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నియమం పెట్టింది. చాలా రోజులు వాడినవాళ్లు ఒక్కసారిగా మానేసినా మంట ఎక్కువ కావచ్చు, కాబట్టి డాక్టరుకు చూపించాలి.

డాక్టరమ్మ వదినకు గోధుమరంగులో ఉండే సన్‌స్క్రీన్ రాసిచ్చింది. ఇది పౌడర్ లాంటిదేమో అనుకున్నాం. కాదంట.

ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. యు.వి.బి. చర్మాన్ని కమిలిస్తుంది. యు.వి.ఎ. ఇంకా లోపలికి దిగుతుంది. కంటికి కనిపించే వెలుగు కూడా మనలాంటి చామనఛాయ, నల్లని చర్మంలో మంగును పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఈ వెలుగును సరిగా ఆపలేదు. రంగు క్రీములోని ఐరన్ ఆక్సైడ్ దాన్ని ఆపుతుంది. మన గోడలకు పూసే ఎర్రమట్టికి రంగు వచ్చేది కూడా ఐరన్ ఆక్సైడ్ వల్లనే. అట్లని మట్టి తెచ్చి మొహానికి పూసుకోకండి!

వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవి:

1. డబ్బా మీద ఎస్.పి.ఎఫ్. 30 లేదా ఎక్కువ, పి.ఎ. పక్కన మూడు ప్లస్ గుర్తులు ఉండాలి. ఐరన్ ఆక్సైడ్ పేరు గానీ, సి.ఐ. 77491, 77492, 77499 అనే నంబర్లు గానీ వెతకండి. గడువు తేదీ చూడండి.

2. ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. దురద, దద్దు వస్తే వాడొద్దు.

3. మొహానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవు క్రీము కావాలి. చుక్క పెట్టి పులిమితే పని చేయదు. బయటికి పోవడానికి 15 నిమిషాల ముందు రాయాలి. రెండు గంటలకోసారి, చెమట పట్టినా మళ్లీ రాయాలి.

4. ఉత్త పౌడర్ ఎండను ఆపదు. సన్‌స్క్రీన్‌లో పౌడర్ కలిపి రంగు తయారు చేసుకోవద్దు. దాని బలం తగ్గిపోతుంది.

5. కంట్లో పడకుండా చూసుకోండి. రాత్రి కడుక్కుని పడుకోండి.

క్రీము రాసుకున్నా వడదెబ్బ ఆగదు. నీళ్లు తాగాలి, నీడ పట్టాలి. క్రీము కొనే డబ్బులు అందరికీ ఉండవు. తలకు తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, గొడుగు కూడా మంచి కాపుదలే. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 వరకు ఎండ ఎక్కువ అని గుర్తుంచుకోండి.

వార్డెన్ మేడంలకు ఒక మనవి. మా పెట్టెల్లో కొందరికి అలాంటి ట్యూబులు ఉన్నాయి. తిట్టరని తెలిస్తే తెచ్చి చూపిస్తాం. పేర్లు కలిసి చదువుదాం. అలాగే ఎండాకాలం ప్రార్థన చెట్ల నీడలో పెట్టించండి.

చెల్లెళ్లారా, మన చర్మంలో మెలనిన్ ఉంది. ఎండను కొంత ఆపే గొడుగు అది. సన్‌స్క్రీన్ ఆ గొడుగుకు తోడు మాత్రమే. మన రంగు జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

– 9వ తరగతి విద్యార్థిని