రబ్బరు కప్ప

కలికిరి పరిసరాల పల్లెసీమలకు వాననీటి చెరువులు జీవాధారాలు. తెలుగునాట ఇటువంటి చెరువులలో తుంగచాటున పొంచి ఉండే చేప కొరమీను. 2016లో తెలంగాణ దీనిని రాష్ట్ర మత్స్యంగా ప్రకటించింది. గాలిని పీల్చుటకై అది తరచు నీటిపైకి వస్తుంది. వేటగాడు రబ్బరు కప్పను దారానికి కట్టి, ఆకుల మీదుగా కుదుపుతూ లాగుతాడు. గాలపు ముళ్ళు కప్ప వీపునకు ఆనుకొని ఉండడం చేత నాచుకు తగులుకోవు. చేప విరుచుకుపడినంతనే తొందరపడరాదు. ఎర నోటిలోనికి పోయిన పిమ్మటనే దారం బిగించాలి.

అయితే నేర్వవలసినది మరొకటి ఉంది. ఎర్రని పిల్లల గుంపును కాచే కొరమీను ఆకలితో కాక, సంతాన రక్షణకై ఎరను కరుస్తుంది. దానిని పట్టితే పిల్లలు ఇతర జీవుల పాలవుతాయి. అటువంటి చోట గాలం వేయక మరలిపోవడమే నిజమైన నేర్పు.