మారుమనస్సుకు తగిన ఫలం



వాక్యభాగం: లూకా 3:7-14, 19:1-10

శుక్రవారం ఆరాధనలో కన్నీటితో ప్రార్థిస్తాం. మనసు తేలికపడుతుంది. బస్సెక్కి క్యాంపుకు వెళ్లిపోతాం. మరి మరునాడు డ్యూటీలో మన నడత మారిందా? పాపం కోసం ఏడవడం వేరు, పాపాన్ని విడిచిపెట్టడం వేరు. ఈ తేడాను వాక్యంలో చూద్దాం.

1. మారుమనస్సు అంటే ఏమిటి?

పాత నిబంధనలో ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట 'షూబ్'. వెళ్తున్న దారి నుండి వెనక్కి తిరిగి రావడం అని దాని అర్థం. కొత్త నిబంధనలోని గ్రీకు మాట 'మెటనోయా'. అంటే మనసే మారిపోవడం. లోపల మనసు మారాలి, బయట అడుగు మారాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే అది సగమే.

యూదా ఇస్కరియోతును చూడండి. తాను చేసినదానికి బాధపడ్డాడు, తప్పు ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలు కూడా తిరిగి ఇచ్చాడు (మత్తయి 27:3-5). కానీ ప్రభువు దగ్గరకు తిరిగి రాలేదు. పేతురూ ఏడ్చాడు, కానీ ప్రభువు దగ్గరకు తిరిగి వచ్చాడు. దేవుని చిత్తానుసారమైన దుఃఖం రక్షణకు నడిపిస్తుందనీ, లోక సంబంధమైన దుఃఖం మరణానికి నడిపిస్తుందనీ పౌలు చెప్పింది ఇందుకే (2 కొరింథీ 7:10).

2. 'మేమేమి చేయాలి?'

యొర్దాను దగ్గర జనులు యోహానును ఈ ప్రశ్న అడిగారు. ఆయన అందరికీ ఒకే జవాబు ఇవ్వలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలన్నాడు. సుంకరులతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి డబ్బు లాగవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. ఉద్యోగం మానేయమని వారితో అనలేదు. ఆ ఉద్యోగంలో ఉన్న పాపాన్ని మానమన్నాడు. ఎవరి చేతిలో ఏ పాపం ఉందో అక్కడే వారి మారుమనస్సు మొదలవ్వాలి.

3. జక్కయ్య లెక్క

యోహాను చెప్పిన మాట ఇంకా ముందుకు సాగి యెరికోలో జక్కయ్య ఇంట్లో కనిపిస్తుంది. ధర్మశాస్త్రం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదవ వంతు కలిపి ఇస్తే చాలు (సంఖ్యాకాండము 5:6-7). అంటే 1,000కి 1,200. గొర్రెను దొంగిలించి అమ్మినవాడో చంపినవాడో మాత్రం నాలుగు గొర్రెలివ్వాలి (నిర్గమకాండము 22:1). జక్కయ్య తనకు తాను దొంగ లెక్కే వేసుకున్నాడు. 1,000కి 4,000! ఆ పైన ఆస్తిలో సగం బీదలకు.

అయితే వరుస గమనించండి. జక్కయ్య డబ్బు ఇస్తానన్న తర్వాత యేసు అతని ఇంటికి రాలేదు. అతడు మేడిచెట్టు మీద ఉండగానే, నీ ఇంట ఉంటానన్నాడు. తిరిగి ఇవ్వడం క్షమాపణకు కట్టే వెల కాదు. క్షమాపణ పొందినవాని చేతి నుండి వచ్చే ఫలం.

4. మన మాటేమిటి?

ఊరినుండి ఒక తమ్ముడికి వీసా ఇప్పించి, ఖర్చుకు మించి తీసుకున్నామా? ఆజాద్ వీసా అని నమ్మించి రప్పించి, ఇక్కడ పని లేకపోతే ముఖం చాటేశామా? అతని ఇంట్లో ఆ అప్పుకు ఈ రోజుకీ వడ్డీ పెరుగుతూ ఉండవచ్చు. చెల్లెలికి రావలసిన పొలం వాటా మన పేరున ఉందా? వీటిని అలాగే ఉంచి దశమభాగం ఇస్తే సరిపోతుందా?

అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమని యేసు చెప్పాడు (మత్తయి 5:23-24). విన్నవారిలో గలిలయవారున్నారు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. నడిచి వెళ్లి రావాలంటే రోజులు పడుతుంది. మనకైతే ఒక ఫోన్ కాల్ చాలు.

'ఇప్పుడు నా దగ్గర అంత లేదు' అంటారా? తప్పు ఒప్పుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఈ నెల జీతంలో ఎంత వీలైతే అంతతో మొదలుపెట్టండి. మిగతాది ఎప్పటిలోగా ఇస్తారో వారికి చెప్పండి. నష్టపోయినవారు లేకపోతే వారి కుటుంబం ఉంది. ఒంటరిగా చేయలేకపోతే కాపరితోనో, నమ్మకమైన విశ్వాసితోనో కలిసి ప్రార్థించి ముందుకు వెళ్లండి.

ధ్యానించండి

- యోహాను దగ్గర నేను నిలబడితే నా ఉద్యోగం గురించి ఆయన ఏమి చెబుతాడు?
- ఈ వారం నేను ఫోన్ చేయవలసిన వ్యక్తి ఎవరు?

ప్రార్థన: ప్రభువా, నా యోగ్యత చూడకుండా నా ఇంటికి వచ్చావు. నా చేతిలో ఉన్న ఇతరుల సొమ్మును నాకు చూపించు. దాన్ని తిరిగి ఇచ్చే ధైర్యం దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమెన్.