కాలిన తోపును మూసిందెందుకు? మళ్ళీ తెరిచేదెప్పుడు?

ఉపాధి హామీ జాబ్ కార్డు ఉన్న కుటుంబాలకు, తోటపల్లి గూడూరు మండలం తీర గ్రామాలు

"మంట ఆరిపోయింది కదా, ఇంకా పుల్లలు ఏరుకోనివ్వరేం?" తోపు కాలిన ఏ ఊళ్ళో అయినా ముందు వచ్చే ప్రశ్న ఇదే. పొయ్యిలోకి పుల్లలు, మేకలకు మేత అక్కడి నుంచే తెచ్చుకునే ఇంటికి ఇది చిన్న ఇబ్బంది కాదు. అందుకే కారణం తెలుసుకోండి, మీకు రావలసిన పని కూడా తెలుసుకోండి.

1. ఎందుకు మూస్తారు?

సముద్రం ఒడ్డున సర్వి (సరుగుడు) తోపు ఊరికి అడ్డుగోడ. తుఫాను గాలిని, ఎగిరే ఇసుకను, ఉప్పుగాలిని అది కొంత ఆపుతుంది. తాటిచెట్టు మంట తగిలినా చాలాసార్లు మళ్ళీ మట్టలు వేస్తుంది. సర్వి అలా కాదు, బాగా కాలితే సాధారణంగా చచ్చిపోతుంది. మళ్ళీ మొక్క నాటాల్సిందే. లేత మొక్కను ఒక్క మేక కొరికినా ఆ గుంత కూలి, నీళ్ళు, ఏడాది కాలం అన్నీ వృథా.

ఇంకొకటి: పైకి ఆరినట్టున్నా వేళ్ళ దగ్గర నిప్పు ఉండొచ్చు. కాలిన చెట్టు చిన్న గాలికే పడొచ్చు. పిల్లల్ని అటు పంపకండి.

2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకుంటే హెలికాప్టర్లతో నీళ్ళు పోశారు. మంట అదుపులోకి వచ్చాక దారులు తెరవొచ్చు. కానీ కాలిన చెట్టు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. మన తోపుకూ అదే లెక్క.

2. మీకు వచ్చే పని ఏమిటి?

• వేసవిలో: ఎండుటాకు తీసి ఫైర్ లైన్లు వేయడం, కంచె, గుంతలు.
• అక్టోబరు, నవంబరులో: మన జిల్లాకు పెద్ద వానలు అప్పుడే. మంచి పదును చూసి నాటడం.
• తర్వాత: నీళ్ళు పోయడం, చచ్చిన మొక్కల చోట కొత్తవి పెట్టడం, కాపలా.

అది అటవీ శాఖ భూమా, పంచాయతీదా, పట్టానా అన్నది ముందు సచివాలయంలో అడగండి. దాన్నిబట్టి పని ఎవరు చేయించాలో తేలుతుంది.

3. పని ఎలా అడగాలి?

నోటిమాటగా వద్దు. కాగితం మీద అడిగి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడగొచ్చు. కూలి కొలత ప్రకారం ఉంటుంది కాబట్టి కొలిచేటప్పుడు దగ్గరుండండి. మస్టర్‌లో మీ పేరు, రోజులు చూసుకోండి. పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. లెక్క తేడా ఉంటే సామాజిక తనిఖీలో చెప్పండి.

4. ఎప్పుడు తెరుస్తారు?

మొక్క తల పశువుకు అందనంత ఎత్తు ఎదిగాక. అంతదాకా మొత్తం తోపు మూసి ఉంచాలనేం లేదు. కాలని భాగంలో పుల్లలు ఏరుకోవడానికి, రేవుకు వెళ్ళే దారికి అనుమతి ఇవ్వమని గ్రామసభలో అడగండి. వన సంరక్షణ సమితి ఉన్న ఊళ్ళో సమితి ద్వారా అడగండి. ఏ భాగం, ఏ రోజు నుంచి అన్నది రాయించి బోర్డు పెట్టించండి. అనుమతి లేకుండా కాలిన కలప కొట్టి తెస్తే మాత్రం కేసు మీ మీదే పడుతుంది.

5. మళ్ళీ కాలకుండా

తోపులో బీడీ, చుట్ట పారేయకండి. వంట చేసుకున్న చోట నీళ్ళు పోసి, ఇసుక కప్పి, చేత్తో తడిమి చూసి కదలండి. పొగ కనబడితే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఎవరో చేస్తార్లే అనుకోవద్దు.

గుర్తుంచుకోండి: గేటు మూసినంత కాలం లోపల మీకు పని ఉంది. నాటిన మొక్క బతికితేనే గేటు తొందరగా తెరుచుకుంటుంది.

ఈ కాగితాన్ని మీ మేట్‌కు, పక్కింటి వాళ్ళకు పంపండి. చదవడం రాని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.