అంతర్జాల గ్రంథాలయంలో తొలి అడుగు

ఉద్దేశం: అంతర్జాలంలోని పరిశోధన భాండాగారాలను వినియోగించుకొనే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం, లభించిన సమాచారాన్ని విచక్షణతో స్వీకరించే అలవాటును పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపితమైంది. ఆ తరువాతి దశాబ్దాలలో తెలుగునాట విస్తరించిన గ్రంథాలయోద్యమం పుస్తకాన్ని పల్లె ముంగిటికి చేర్చింది. అయినా పరిశోధన గ్రంథాలు, పత్రికల పాత సంచికలు చాలావరకు నగరాలలోని పెద్ద గ్రంథాలయాలకే పరిమితమయ్యాయి. దారి ఖర్చులు పెట్టుకోలేని విద్యార్థికి అవి అందని పండ్లే. ఆ దూరాన్ని తగ్గించినవి అంతర్జాల గ్రంథాలయాలు.

సాధారణ శోధన యంత్రంలో వెదకడం, భాండాగారంలో వెదకడం ఒకటి కావు. మొదటిది ప్రకటనను, వార్తను, ఊహను, శాస్త్రీయ వ్యాసాన్ని కలగలిపి చూపుతుంది. రెండవదానిలో ప్రతి రచనకూ రచయిత పేరు, శీర్షిక, ప్రచురణ సంవత్సరం, విషయం వంటి వివరాలు నమోదై ఉంటాయి. అందువల్ల ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో చెప్పారో తెలుసుకోవడం సులభమవుతుంది.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. రూపొందించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. పాఠశాల పుస్తకాల నుంచి పరిశోధన పత్రాల వరకు అనేక భాషలలోని రచనల జాడ అక్కడ లభిస్తుంది. ఈ-మెయిల్ చిరునామా ఉన్నవారు ఉచితంగా సభ్యులు కావచ్చు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే 'శోధ్‌గంగ'లో భారతీయ విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు ఉన్నాయి. చందా చెల్లిస్తేనే చదవగలిగే పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందించేందుకు 'ఒకే దేశం - ఒకే చందా' పథకం 2025 జనవరి 1న ఆరంభమైంది.

భాండాగారం తలుపు తెరవడం తేలిక, అడగడం తెలియాలి. గోదావరి డెల్టా సాగునీటి చరిత్రపై ఒక విద్యార్థి ప్రాజెక్టు చేపట్టాడనుకొందాం. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట అతని అంశం. అతడు ఆంగ్లంలో 'కాటన్' అని మాత్రమే వెదికితే పత్తి పంటపై రాసిన వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడతాయి. అదే పేరును పూర్తిగా 'ఆర్థర్ కాటన్' అని ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచితే, చాలా భాండాగారాలు ఆ రెండు పదాలూ వరుసగా ఉన్న రచనలనే చూపుతాయి.

ఊరి పేరుతోనూ ఇటువంటి చిక్కే ఉంది. పాత ఆంగ్ల పత్రాలు ధవళేశ్వరాన్ని 'డౌలేశ్వరం' అని రాశాయి. 'ఆనకట్ట' అన్న మాట వాటిలో 'అనికట్' అయింది. తరువాత కట్టిన నిర్మాణాన్ని 'బ్యారేజి' అంటున్నారు. 'బ్యారేజి' అన్న పదంతోనే వెదికే విద్యార్థికి పందొమ్మిదో శతాబ్దపు పత్రాలు కనబడక, ఆనాడు ఎవరూ ఏమీ రాయలేదన్న అపోహ కలుగవచ్చు. లోపం చరిత్రలో లేదు, అడిగిన మాటలో ఉంది.

ఇటువంటి సందర్భాలలో మూడు సంధాన పదాలు తోడ్పడతాయి. 'అండ్' రెండు పదాలూ ఉన్న రచనలనే ఏరుతుంది. 'ఆర్' ఏ ఒక్కటి ఉన్నా స్వీకరిస్తుంది. పేర్లకు రూపభేదాలు ఉన్నప్పుడు ఇది ఉపకరిస్తుంది. 'నాట్' అక్కరలేనిదాన్ని తొలగిస్తుంది. ఫలితాలు ఇంకా ఎక్కువైతే సంవత్సరం, భాష, రచనా రకం ఎంచుకొని వాటిని కుదించవచ్చు.

లభించిన ప్రతిదాన్నీ మొదటి పుట నుంచి చదవనక్కరలేదు. ముందుగా సంగ్రహాన్ని, ఆపై ముగింపును చూస్తే ఆ రచన తన పనికి వచ్చేదో కాదో తెలుస్తుంది. చివరనున్న ఆధార గ్రంథాల పట్టిక మరికొన్ని రచనలకు దారి చూపుతుంది. పాఠకుని కాలం వృథా కారాదన్నది 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రతిపాదించిన పంచసూత్రాలలో నాలుగవది. తన కాలాన్ని కాపాడుకొనే బాధ్యత పాఠకునిపై కూడా ఉంది.

చదువుతున్నప్పుడే రచయిత పేరు, శీర్షిక, సంవత్సరం, పుట సంఖ్య రాసుకోవాలి. ఇతరుల వాక్యాన్ని పేరు చెప్పకుండా తనదిగా చూపడం గ్రంథచౌర్యం. మాటలు మార్చినా, భావం ఇతరులదైతే వారిని పేర్కొనవలసిందే. రెండు ఆధారాలు పరస్పరం విభేదించినప్పుడు నచ్చినదాన్ని స్వీకరించి రెండవదాన్ని దాచడం తగదు. రెండింటినీ చూపి, ఏది ఎందుకు సమంజసమో వివరించడమే పరిశోధన.

భాండాగారం సమాచారాన్ని ఇస్తుంది, నిర్ణయాన్ని ఇవ్వదు. సరిగా అడగడం, ఓపికగా చదవడం, నిజాయితీగా రాయడం నేర్చిన విద్యార్థి చిన్న ఊరిలో ఉన్నా పెద్ద గ్రంథాలయానికి వారసుడే.

ప్రశ్నలు
1. సాధారణ శోధన యంత్రానికి, పరిశోధన భాండాగారానికి గల భేదాన్ని వివరించండి.
2. ధవళేశ్వరం ఉదాహరణ ద్వారా పదాల ఎంపిక ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. మీ ఊరి చెరువు లేదా కాలువ చరిత్రను వెదకడానికి తగిన అయిదు పదాలను రాసి, వాటిని ఏ సంధాన పదాలతో కలుపుతారో తెలపండి.